బోర్డు మీది పాత నంబరు

దెయ్యాల మాట ఎత్తితే నవ్వే మనిషిని నేను. చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెప్పేదాన్ని. పరీక్షకు తాయెత్తు కట్టుకొచ్చిన పిల్లల్ని బాగా ఏడిపించేదాన్ని కూడా. ఇది చదివి వాళ్లెవరైనా నవ్వితే నవ్వుకోనివ్వండి.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో, ఎల్బీ నగర్ దాటి నల్గొండ వైపు వెళ్లే దారిలో ఒక మామిడితోట కొన్నాం. అందులో సెలవులకు వచ్చేవాళ్లకు అద్దెకిచ్చే కాటేజీలు ఉన్నాయి. మాది తెనాలి దగ్గర. రేపు రాష్ట్రం వేరైతే మిమ్మల్ని అక్కడ ఉండనిస్తారా అని చుట్టాలంతా ఒకటే పోరు. మా ఆయనకు పంతం ఎక్కువ, నాకు ఇంకా ఎక్కువ. ఇద్దరం ఉద్యోగాలు మానేసి ఈ వ్యాపారంలోకి దిగాం. చైతన్యపురి ఇంటి నుంచే రోజూ వెళ్లొచ్చేవాళ్లం.

దిగాక తెలిసింది. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో, ఇక తోటకు ఎవరొస్తారు? పైగా ఒక తెలివితక్కువ పని చేశాం. రోడ్డు పక్క బోర్డు మీద కొత్త పేరు రాయించాం గానీ, కింద పాత ఓనర్ ల్యాండ్‌లైన్ నంబరు అలాగే వదిలేశాం. ఆ కనెక్షన్ ఆయన ఎప్పుడో తీసేయించాడు. ఆఫీసు గదిలో ఫోన్ ఉంది, దానికి వైరు లేదు.

వేసవి సెలవులు అయ్యేలోపు జనం రాకపోతే అమ్మేసి తెనాలి వెళ్లిపోదామనుకున్నాం. ఆ మాట అనుకున్న రోజు నాకు అన్నం సహించలేదు.

ఆ ఆదివారమే మన్సూరాబాద్ నుంచి ఒక పెద్ద కుటుంబం వచ్చి దిగింది. ఆ ఇంటి కోడలు వంటగదిలోకి తొంగిచూసి, "ఫోన్ల మాట్లాడిన పెద్దమ్మ ఏదక్కా? జొన్నరొట్టె, నాటుకోడి కూర చేసిపెడ్తా అన్నది" అంది. ఏ నంబరుకు చేశారని అడిగాను. బోర్డు మీదిదేనట.

ఎవరో మాతో ఆటలాడుతున్నారనుకున్నాను. అయినా గడప తొక్కినవాళ్లను వెనక్కి పంపేంత పిచ్చిదాన్ని కాను. పక్క ఊరి నుంచి కోడి తెప్పించాను. జొన్నరొట్టె మాత్రం నాకు చేతకాదు. తట్టినదల్లా చేతిలోనే విరిగిపోతుంటే ఆ కోడలికి నవ్వాగలేదు. "జరుగక్కా, గట్ల కాదు. పిండిల మసిలే నీళ్లు పొయ్యాలె" అంటూ తనే కూర్చుని రొట్టెలు చేసింది. చెట్ల కింద అందరం కలిసి తిన్నాం. మాది ఏ జిల్లా అని ఎవరూ అడగలేదు.

తర్వాతి వారం ఇంకొందరు వచ్చారు. వాళ్లతో మాట్లాడింది కూడా ఆ పెద్దమ్మే. పిల్లలెందరు, కారం తగ్గించాలా అని అడిగిందట. బంద్ ఉంటే ఏ డొంకదారిన రావాలో చెప్పిందట. ఆ దారి అప్పటిదాకా మాకే తెలియదు.

మా ఆయన టెలిఫోన్ ఆఫీసుకు వెళ్లి అడిగాడు. ఆ నంబరు రద్దయింది, మళ్లీ ఎవరికీ ఇవ్వలేదన్నారు. పాత ఓనర్‌ని అడిగితే, అక్కడ ఉన్నంతకాలం ఫోన్ ఎత్తింది తనేనని, అలాంటి ఆడమనిషి ఎవరూ లేరని చెప్పాడు. నేను చేసి చూస్తే ఏ శబ్దమూ వచ్చేది కాదు.

సెలవులు అయ్యేసరికి ఒక్క కాటేజీ ఖాళీ ఉంటే ఒట్టు. మమ్మల్ని భయపెట్టిన చుట్టాలే గది ఇప్పించమని బతిమాలారు. లేదని చెప్పడంలో ఎంత సుఖముందో అప్పుడు తెలిసింది.

ఇక చైతన్యపురిలో ఇల్లు ఖాళీ చేసి తోటకే మారిపోదామనుకున్నాం. సామాను సర్దుతూ, ఎందుకో బుద్ధిపుట్టి ఆ నంబరుకు మళ్లీ చేశాను. ఈసారి మోగింది. ఎవరో ఎత్తారు. వెనక కోళ్ల అరుపులు వినిపిస్తున్నాయి. పేరు చెప్పకుండా, గది అడిగేవాళ్లలాగే, "ఇద్దరం వస్తున్నామండీ, గది ఉందా?" అన్నాను.

"మీ ఇంటికి మీరు ఒచ్చెతందుకు అడుగుతరా బిడ్డా?" అంది ఆవిడ.

ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత ఆ నంబరు ఎవరికీ కలవలేదు. క్రాస్ కనెక్షన్ అందామంటే వైరే లేదు. ఎవరో ఆకతాయి అందామంటే, చేసింది నేనని ఆవిడకెలా తెలుసు? ఫిజిక్స్ చెప్పి బతికిన నాకు ఇప్పటికీ జవాబు దొరకలేదు. ఆ రోజు మాత్రం సామాను మూటల మీద కూర్చుని సంతోషంతో ఏడ్చాను. రాష్ట్రం వచ్చిన రోజున మా తోటలో అందరికీ జొన్నరొట్టెలు చేసింది నేనే. ఒక్కటీ విరగలేదు.