అయస్కాంతానికి అంటుకున్న వెండి

ఆరేళ్ళుగా ఒక ఉంగరం బరువు మోస్తున్నాను. అది నా వేలికి ఎన్నడూ లేదు. మీరు నన్నెరుగరు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

గోదావరిఖనిలో మా పక్క క్వార్టర్ మల్లేశం కాకది. గని దీపాల గదిలో ఆయన డ్యూటీ. ఆయన తమ్ముడు సైన్యంలో చేరి సరిహద్దులో చనిపోయాడు. ఇంటికి వచ్చిన పెట్టెలో బట్టలున్నాయి, బెల్టు ఉంది. రెజిమెంటు ముద్ర వేసిన వెండి ఉంగరం మాత్రం లేదు. వాళ్ళ అమ్మ రాజవ్వ ఏటా ఆ పెట్టెను ఎండలో పెట్టి, అడుగుదాకా తడిమి, మళ్ళీ మూసేది.

అప్పుడు నాది డిగ్రీ రెండో ఏడు. కాలేజీ చర్చావేదికల మీద "ఆధారమేది?" అన్నది నా ఊతపదం. ఇంటర్నెట్ షాపులో, ఒక వేలంపాట సైటులో, అదే ముద్ర ఉన్న ఉంగరం కనబడింది. ఒక సైనికుడి కుటుంబానిదని రాసి ఉంది. ఏ కుటుంబం? ఏ ఊరు? నేను అడగలేదు. అందరినీ అడిగే నేను ఎందుకు అడగలేదు?

"వానిదే కాకున్నా సరే, ఫౌజుల పెట్టుకున్నదైతె సాలు" అన్నాడు కాక. దసరాకు కంపెనీ ఇచ్చిన లాభాల వాటాలో సగం దాకా పాడమన్నాడు. ఎవరో నా పాట మీద పాట పెంచుతూ పోయారు. అమ్మేవాడి మనిషే కావచ్చునని ఇప్పుడు తోస్తుంది. అప్పుడు మాత్రం ఎదుటి జట్టు వక్తలా కనిపించాడు. చివరి మాట నాదే కావాలి. గెలిచాను. కాక వాటా మొత్తం పోయింది. ఆయన "పోనీ తియ్" అన్నాడు.

పార్శిల్ విప్పుకొని దీపాల గదికి వెళ్ళాను. గనిలో గ్యాసు పరీక్షించే దీపాన్ని లోపల ఎవరూ తెరవకుండా తాళం వేస్తారు. ఈ గదిలోని పెద్ద అయస్కాంతం మీద పెడితేనే అది ఊడుతుంది. కాక వెనక గదిలో ఉన్నాడు. ఉంగరాన్ని అయస్కాంతం పక్కనే బల్ల మీద పెట్టాను. అది జారి, టక్కుమని ఆ అయస్కాంతానికి అతుక్కుంది. వెండి అతుక్కోదు. గోటితో పీకి పిడికిట్లో దాచేసరికి కాక బయటికొచ్చాడు.

"ఏంది ప్లీడరు సాబ్, గనిల దిగొచ్చినోని లెక్క చెమటలు పడుతున్నయ్?"

"ఉంగరం వచ్చింది కాక."

"అసల్దేనా?"

"అసల్దే."

"ఆధారమేదని ఊరందర్ని సతాయిస్తవ్ గద. నీకాడ ఉన్నదా మరి?"

"ఉన్నది కాక."

"గంతే సాలు. నువ్వన్నంక ఇగ నేనడుగుతనా!"

వారంలోపు తిప్పి పంపవచ్చు. ఆ వారమంతా నోరు మెదపలేదు. అవ్వ సంతోషాన్ని చెడగొట్టలేకపోయానని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో! అది నిలబడే వాదన కాదు. ఉంగరం అవ్వను చేరకముందే నేను అబద్ధమాడాను. కాపాడుకున్నది ఆమె సంతోషాన్ని కాదు, మోసపోని మనిషినన్న నా పేరును.

అవ్వ దాన్ని కొడుకు చొక్కా జేబులో పెట్టి గుండీ వేసింది. ఆ తర్వాత పెట్టె అడుగు తడమలేదు. రాష్ట్రం వచ్చిన ఏడు ఆమె పోయింది. కాక ఉంగరాన్ని ఆమె పిడికిట్లో పెట్టి పంపాడు. పెట్టే ముందు అవ్వ కొంగుతోనే తుడిచి, "ఏటా కొబ్బరినూనె రాస్తుంటి" అన్నాడు, నా వైపు చూడకుండా.

వెండికి నూనె ఎవరు రాస్తారు? తుప్పు పట్టేదానికి రాస్తారు. రోజూ అయస్కాంతంతో పనిచేసే మనిషి. ఆయనకు మొదటినుంచీ తెలుసా? తెలిసే తల్లి కోసం ఊరుకున్నాడా? ఈ ఊహ నాకు మరీ సౌకర్యంగా ఉంది. అందుకే దీన్ని ఆధారంగా స్వీకరించలేను. అడిగితే తేలిపోతుంది. గోడ అవతలే ఉన్నాడు, దగ్గు వినిపిస్తూనే ఉంటుంది. ఆ దగ్గు ఆగినప్పుడల్లా చెవులు రిక్కిస్తాను: లేచి వస్తున్నాడా, అడగబోతున్నాడా?

ఇప్పటికీ అడగలేదు. ఇక్కడ మాత్రం రాస్తున్నాను. ఆ ఉంగరం వెండిది కాదు. అవ్వ చేతికి చేరకముందే నాకు తెలుసు.

ఈ రెండు వాక్యాలూ ఇంతవరకు ఎక్కడా లేవు. ఇప్పుడున్నాయి.