అడుగున చేరే గ్యాస్

మా చిన్నాయన పోయాడని కోవిల్‌పట్టి నుంచి ఫోను వచ్చినప్పుడు నేను విరుదునగర్‌లో, పప్పు మిల్లు డ్యూటీలో ఉన్నాను. గుండెపోటు. ఏడుపు కంటే ముందు నాకు ఒళ్లు మండింది. ఎందుకో తెలియాలంటే ఆయన పని గురించి చెప్పాలి.

మా నల్లరేగడిలో పంట ఎండిపోయిన ఏడు ఆయన తూత్తుకుడి వెళ్లి, సరుకులు మోసే తెరచాప పడవలో వంటవాడిగా చేరాడు. సిలిండరును పడవ వెనక భాగంలో, పైన గాలి ఆడేచోట, చెక్కపెట్టెలో పెట్టుకునేవాడు. లీకైన గ్యాస్ సముద్రంలోకి జారిపోయేలా పెట్టె అడుగున కన్నం. వంట కాగానే ముందు సిలిండరు దగ్గర కట్టేయాలి, ఆ తర్వాతే స్టవ్. మరిచిపోయినవాడికి ఆ పూట అన్నం కంటే తిట్లే ఎక్కువ. "పొగ మీదికి పోతాదిరా, ఇది కిందికి దిగతాది. దిగి ఆడనే కూసుంటాది. కింద పండుకునేది మనం" అనేవాడు. తిట్టడమే గానీ నెమ్మదిగా చెప్పడం ఆయనకు చేతకాదు. అందుకని ఆయన మీదా నాకు కోపమే.

కిందటేడు ఆ పడవ నడిపే తండేలు స్టవ్‌తో పాటు సిలిండరునూ పడవ పొట్టలోకి దింపించాడు. పైన గాలికి మంట నిలవడం లేదట, ఉప్పుగాలికి తుప్పు పడుతోందట. దింపి ఎక్కడ పెట్టాడనుకున్నారు? అమ్మవారి పటం పక్కన, ఆమె చల్లగా చూస్తుందని. ఆ పటం ముందు రోజూ పొద్దున కర్పూరం వెలిగిస్తారు. తండేలుది ఏళాయిరంపన్నై, ఇంట్లో మాలాగే తెలుగు. బాణసంచా మందు గదిలోకి అగ్గిపెట్టె తెస్తే చెంప పగలగొట్టే ఊరు. మందు కంటికి కనిపిస్తుంది, గ్యాస్ కనిపించదు, అంతే తేడా.

చిన్నాయన పోట్లాడి దిగి వచ్చేశాడు. వచ్చి ఊరుకున్నాడా? పడవ బయలుదేరే ముందల్లా ఫోను చేసి, సిలిండరు పైకి ఎక్కించారా అని అడిగేవాడు. వాళ్లు ఫోను చేతులు మార్చుకుంటూ నవ్వేవాళ్లు. ఆ నవ్వు నేనూ విన్నాను. ఆయన ఫోను పెట్టేసి, "అందరూ పిల్లలు గలవాళ్లురా" అనేవాడు.

కర్మాంతరం నాడు తండేలు వచ్చాడు. చిన్నాయన చేతి చేపల పులుసు తలుచుకుని నిజంగానే ఏడ్చాడు. అలాంటి మనిషి ఇక దొరకడన్నాడు. సిలిండరు ఎక్కడుందని అడిగాను. కిందే ఉందన్నాడు. మర్నాడే మాల్దీవులకు ప్రయాణమన్నాడు.

కర్మాంతరానికి వచ్చినవాళ్లను అన్నం పెట్టకుండా పంపడం మా ఇళ్లలో లేదు. ఆకులు పరిచి, ఉప్పు వేసి, నేను అన్నం వడ్డిస్తూ వచ్చాను. తండేలు దగ్గరకు వచ్చేసరికి, మూల కూర్చున్న చిన్నమ్మ లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని, తండేలు వైపు తిరిగింది.

"అన్నా, ఆయన అడిగింది అది ఒగటే గదా. మీదికి ఎక్కించినాక రా. నా చేత్తోనే పెడతా."

పడవ ఓనరును అడగాలని అతను ఏదో గొణిగాడు. చిన్నమ్మ నా చెయ్యి వదల్లేదు. కాసేపటికి అతను లేచి, చెప్పులు వేసుకుని, బస్టాండు వైపు నడిచాడు.

అటూ ఇటూ వాళ్లు తింటూనే ఉన్నారు. మధ్యలో అతని ఆకు, ఒక మూల చిటికెడు ఉప్పుతో, చల్లిన నీళ్లు ఇంకా ఆరకుండా అలాగే ఉంది.