సెంటీస్టోక్స్ లింగయ్య

మా లింగయ్య గారు ద్రవ పదార్థం దేన్నీ ముందు రుచి చూడరు. అదెంత చిక్కగా ఉందో కొలుస్తారు. కొలిచి ఊరుకున్నా బాగుండేది. ఆ అంకెను ఎదుటి మనిషికి అర్థమయ్యే కొలతలోకి మార్చి చెప్పేదాకా వదలరు. పాయసం చల్లారిపోయినా, వడ్డించేవాడు అలిగినా ఆయన ప్రశ్న ఒకటే: "మీకు ఏ యూనిట్ల కావాలె?"

ఊరు మంథని. ఉద్యోగం గురుగ్రామ్‌లో, యంత్రాల నూనెలు తయారుచేసే కంపెనీ ల్యాబులో. కాపురం ఢిల్లీ శివారు ఇందిరాపురంలో, మా ఎదురు ఫ్లాటులో. అడుగున చిల్లున్న చిన్న స్టీలు కప్పు, స్టాప్‌వాచీ ఎప్పుడూ జేబులో ఉంటాయి. చిల్లుకు వేలు అడ్డంపెట్టి కప్పు నింపుతారు, వేలు తీస్తారు, ఖాళీ కావడానికి ఎంతసేపు పట్టిందో చూస్తారు. తన బరువుకు తానే జారిపోవాల్సిన ద్రవం ఎంత మొరాయిస్తోందో దాన్నిబట్టి తెలుస్తుందట. ఆ మొరాయింపును కొలిచేవే సెంటీస్టోక్స్.

గేటు బయట చాయ్ అమ్మే రాజ్‌బీర్ ఆయన్ని 'స్టోక్స్ సాబ్' అంటాడు.

"ఆజ్ చాయ్ పత్లీ హై, భయ్యా."

"కిత్నీ పత్లీ, సాబ్?"

"దో సెంటీస్టోక్స్ భీ నహీ."

"వో క్యా హోతా హై?"

"నిన్నటికంటె ఆధా గ్లాస్ దూద్ కమ్."

అరగ్లాసు పాలు తగ్గించి చాయ్ పల్చన చేసిన సంగతి దొరికిపోయిందని, రాజ్‌బీర్ తెలుగు ముక్కతో సహా అర్థం చేసుకుని నాలిక కరుచుకున్నాడు.

భార్య లీలావతి గారిని కదిలిస్తే ఇంకా చెబుతారు. "పెండ్లిచూపులల్ల కాఫీ ఇచ్చిన. పిల్ల నచ్చిందా బిడ్డా అని వాళ్ళమ్మ అడిగితే, జర పల్చగున్నదన్నడు. నేను బక్కగుంటి కదా, నన్నే అన్నడనుకొని ఏడ్చిన."

ఆఫీసులో మాత్రం ఈ పిచ్చి ఒక ట్యాంకరును కాపాడింది. ఒకే నూనె కొన్నవాళ్ళలో అమెరికా కంపెనీ నూనె చిక్కదనం రెండు వందల పదిహేను ఉండాలంది. జర్మన్ యంత్రం పుస్తకం ఆరు అంది. పాత ఇంగ్లీషు యంత్రం నూట ఎనభై ఎనిమిదంది. సరుకు తేడాగా ఉందని మేనేజరు బయల్దేరిన ట్యాంకరును వెనక్కి రప్పించబోయాడు.

"ఆగుండ్రి సార్. నూనె ఒక్కటే. అమెరికావోడు సేబోల్ట్ సెకన్లల్ల చెప్తుండు, జర్మనోడు ఎంగ్లర్ డిగ్రీలల్ల, ఇంగ్లండోడు రెడ్‌వుడ్ సెకన్లల్ల. మన లెక్కల నలభై ఆరు సెంటీస్టోక్స్."

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా!"

"ఏ యూనిట్ల కావాల్నో మీరు అడగకపోతిరి."

మా పై అంతస్తులో జక్కయ్య గారు, ఆనందకుమారి గారు ఉంటారు. భీమవరం వాళ్ళు. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. ఆయన ఢిల్లీ సాకేత్‌లో తెలుగు క్రైస్తవ సంఘానికి పెద్ద. ఏసు పేర అందరూ చిటికెడు రొట్టె, గుక్కెడు ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభురాత్రి భోజనం నాడు, ఆ రసం గిన్నెల పళ్ళెం పట్టుకుని వరసల మధ్య తిరిగేది ఆయనే. పక్షవాతం వచ్చి తగ్గాక మాట తిరిగొచ్చింది, గుటక పూర్తిగా రాలేదు. పల్చటిదేదైనా ఊపిరితిత్తుల్లోకి పోతోంది. కిందటిసారి గుడిలో ఆ చిన్న గిన్నెడు రసానికే ఉక్కిరిబిక్కిరయ్యారు. పాట ఆగిపోయింది, అందరూ చుట్టూ మూగారు. ఆ తర్వాత ఇంట్లోంచి కదలనన్నారు. "నా మూలంగా ఆరాధన ఆగకూడదు. నేనింక రాను."

మింగడం నేర్పే డాక్టరమ్మ ఇషిత, తాగేవాటిలో చిక్కబరిచే పొడి కలపమంది. ఎంత చిక్కగా అంటే 'నెక్టర్‌లా' అంది. డబ్బా మీద ఇంకో కొలతలో, నూట యాభై సెంటీపాయిజ్ అని ఉంది. ఆనందకుమారి గారు ఒకరోజు కలిపితే దగ్గు, మరునాడు కలిపితే హల్వా.

అప్పుడే లింగయ్య గారు కప్పు పట్టుకుని సాయంత్రాలు పైకి ఎక్కడం మొదలెట్టారు. ఆనందకుమారి గారు చేసే కేకు కోసమనుకున్నాను. ఒకరోజు నేనూ వెంట వెళ్ళాను, కేకు కోసమే.

"ఇగో చెల్లె, సెంటీపాయిజ్‌ను సాంద్రతతోని భాగిస్తే సెంటీస్టోక్స్ అయితది. దాన్ని మల్ల..."

"అన్నయ్యగారూ, మీకో దణ్ణమండీ. నాకా లెక్కలొద్దు."

"మరి మీకు ఏ యూనిట్ల కావాలె?"

"నా వంటింటి యూనిట్లో చెప్పండి!"

ఆయన మొహం వెలిగింది. అలాంటి పట్టిక ఏ పుస్తకంలోనూ లేదు. ఇక ఆ వంటింట్లో జారేదల్లా ఆయన కప్పులోంచి జారింది: రాగి జావ, టమాటా చారు, మజ్జిగ పులుసు. చివరికి తీర్పు చెప్పారు: "మీ ఉలవచారు గంటె మీదికెల్లి ఎట్ల జారుతదో, గట్ల జారాలె." ఇషిత వచ్చి పరీక్షించి, "పర్ఫెక్ట్, అంకుల్" అంది. జక్కయ్య గారు చాయ్ తాగారు. గుడి మాటెత్తితే మాత్రం మొహం తిప్పుకున్నారు.

లింగయ్య గారు గుళ్ళకు పోయే మనిషి కారు. అయినా పాస్టర్ టిమోతి గారి దగ్గరికి వెళ్ళారు.

"పొడి కలిపితే అది ద్రాక్షరసమే అంటారా అండీ?" అన్నారు పాస్టర్ గారు.

"దేవుని సంగతి నాకు తెల్వది. జారుడు సంగతి అడుగుండ్రి. హాల్ల ఏసీ ఎంత మీద పెడ్తరు? చల్లబడితె చిక్కబడ్తది."

"సరే, జక్కయ్య గారి గిన్నెలో కలుపుదాం."

"అందరి గిన్నెలల్ల కలుపుండ్రి."

"అందరికీ ఎందుకండీ?"

"ఒక్క గిన్నె వేరేగుంటె అందరి కండ్లు దాని మీదనే ఉంటయి. ఇంతమంది చూస్తుంటే మంచిగున్నోనికే గుటక పడదు. దానికి పొడి లేదు సార్."

భక్తి కబుర్లు నాకు పడవు. అయినా ఆ ఆదివారం వెనక వరసలో కూర్చున్నాను. అందరిదీ ఒకటే రసం అన్న మాట మీద జక్కయ్య గారు వచ్చారు. గిన్నె అందుకుని తలవంచి, కొద్దికొద్దిగా నోట్లోకి జార్చుకున్నారు. ఆనందకుమారి గారు ఆయన గొంతునే చూస్తున్నారు. గుటక పడింది. దగ్గు రాలేదు.

ఆయన తలెత్తి చూశారు. సంఘమంతా తలలు వెనక్కి వాల్చి, బోర్లించిన గిన్నెల కింద నోళ్ళు తెరుచుకుని ఎదురుచూస్తోంది. పొడి కలిపిన రసం దిగితేనా! ఒకాయన గిన్నె అడుగున తడుతున్నాడు. ఒకావిడ లోపలికి తొంగి చూస్తోంది. పాస్టర్ గారైతే ఆ గిన్నెకే ప్రార్థన చేస్తున్నట్టున్నారు.

జక్కయ్య గారు తన ఖాళీ గిన్నె పళ్ళెంలో పెట్టి, పాత సంఘపెద్ద గొంతుతో హాలంతటికీ అభయమిచ్చారు:

"కంగారు పడకండమ్మా. నిదానంగా కానివ్వండి. పొలమారుద్ది."