మామయ్య కుదిర్చిన బండి

పొదిలి అవతల ఒక పల్లెలో నాకు టీచరుద్యోగం వచ్చిన కొత్తలో, పొదిలిలో గది తీసుకున్నాను. పొద్దున అక్కణ్ణించి ఒకే ఒక్క బస్సు ఉండేది. మిరపకోతల రోజుల్లో అది కూలీలతో కిటకిటలాడుతూ వచ్చి, ఒక్కోసారి ఆగకుండానే వెళ్లిపోయేది. రెండుసార్లు హెడ్మాస్టరు గారు నా ముందే గోడ గడియారం వంక చూశారు. పాత మోటారు సైకిలు ఒకటి కొనుక్కుందామని ఆ వారమే నిశ్చయించుకున్నాను.

బండ్ల సంగతి నాకేమీ తెలియదు. గుంటూరు పక్కనే నల్లపాడులో, మా సొంతింటికి రెండిళ్ల అవతల మెకానిక్ షెడ్డు నడిపే సాయిబు ఒకాయన మా నాన్నతో కలిసి చదువుకున్నాడు. చిన్నప్పటినుంచీ ఆయన్ని మామయ్యా అనే పిలిచేవాణ్ణి. తోడు రమ్మంటే వెంటనే చేతులు తుడుచుకున్నాడు.

"బేరం నేను చూస్తా. బండి నచ్చినా సరే, నువ్వు మొహంలో కనపడనీకు అల్లుడూ."

గుంటూరులో మొదట చూసిన బండి అద్దంలా మెరుస్తోంది. నేను హ్యాండిల్ పట్టుకునేలోపే మామయ్య వంగి ఇంజన్ మీద చెయ్యి పెట్టాడు.

"పొద్దున్నే ఎటెళ్లొచ్చారండీ?"

"ఎటూ లేదండీ. మీరొస్తారని ఒకసారి స్టార్ట్ చేశానంతే."

"అయితే వస్తామండీ," అని మామయ్య బయటికి నడిచాడు. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కాని బండినే అలా ముందుగా వేడిచేసి పెడతారని దారిలో చెప్పాడు.

రెండో బండి మంగళగిరిలో, ఒక రిటైరైన పోస్టుమాస్టరు గారిది. మోకాలి నొప్పితో కిక్ కొట్టలేక అమ్ముతున్నారు. సీటు మీద దుమ్ము, ఇంజన్ చల్లగా ఉంది. నేను ఎనిమిదిసార్లు కొడితే గానీ అందుకోలేదు. ఇదీ పనికిరాదనుకున్నాను. మామయ్య మాత్రం కళ్లు మూసుకుని ఆ చప్పుడు వింటున్నాడు.

"బ్రేకులు సరిగ్గా పట్టవు. వెనక టైరు మార్చాలి," అన్నారు పోస్టుమాస్టరు గారు, మేం అడక్కుండానే. "ఒకసారి పడ్డాను కూడా. ఇదిగో, ఈ ఫుట్‌రెస్టు అప్పుడే వంగింది. పన్నెండు వేలిప్పించండి చాలు."

నేను పద్దెనిమిది తెచ్చుకున్నాను. సంతోషం మొహంలో కనపడకుండా పెదవి కొరుక్కున్నాను. అప్పుడు మామయ్య నోరు విప్పాడు.

"పదహారుకి తక్కువ ఇవ్వకండి సార్. ఎవరడిగినా సరే. ఇంజన్ కొత్తదాన్లా ఉంది."

వెనకనుంచి చొక్కా లాగాను. ఆయన పట్టించుకోలేదు. గుమ్మంలో నిలబడ్డ పోస్టుమాస్టరు గారి భార్య నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరికి ఆ పెద్దాయనే, "మీ మాటా వద్దు, నా మాటా వద్దు," అని పద్నాలుగు దగ్గర తెగ్గొట్టారు.

తిరుగుదారిలో బండి మామయ్యే నడిపాడు. ఉండబట్టలేక వెనకనుంచి అడిగాను.

"అసలు నువ్వు ఎవరి తరఫున వచ్చావు మామయ్యా?"

"నీ తరఫునేరా. ఆయనకి ధర తెలీదు, నాకు తెలుసు. తెలిసీ ఊరుకుంటే రేపు ఆ ఇంజన్ మీద చెయ్యెట్లా వేస్తాను? బ్రేకులూ టైరూ నేను చూసుకుంటాలే, ఏడవకు."

నిజం చెప్పొద్దూ, నల్లపాడు వచ్చేదాకా నా కోపం తగ్గలేదు.

బండి నా పేరుకి మార్చుకోవడానికి అమ్మినవాళ్ల సంతకం కావాలి. నా తోటి టీచరు ఒకాయన తన బండికి అలాంటి సంతకం కోసమే ఏడాదిపాటు తిరిగాడు. పోస్టుమాస్టరు గారు మాత్రం కబురందిన మర్నాడే, మోకాలికి పట్టీ కట్టుకుని, బస్సెక్కి గుంటూరు వచ్చేశారు. రవాణా ఆఫీసులో గంటన్నర నిలబడి సంతకాలు చేశారు. ఆయన్ని బస్టాండు దాకా బండి మీదే తీసుకెళ్లాను. దారి పొడవునా వెనకనుంచి నా భుజం తడుతూనే ఉన్నారు.

"ఇక్కడ మూడో గేరు వెయ్యి బాబూ. హడావుడి పెట్టకు, అదే లాగుతుంది."