హుసేన్‌బీ చెప్పిన సినిమా

ఎండాకాలం సాయంత్రం ఎవరైనా వాకిట్లో నీళ్లు చల్లితే, ఆ కాలిన మట్టి వాసనకు నాకు బత్తలపల్లె టూరింగు టాకీసు గుర్తొస్తుంది. మొదటాటకు ముందు దుమ్ము లేవకుండా నేల టికెట్టు ఇసుక మీద బిందెల కొద్దీ నీళ్లు చల్లేవారు. తాగడానికే నీళ్లు దొరకని ఊళ్లో ఆ దుబారాకు టాకీసు ఆయన్ను తిట్టుకుంటూనే మా వీధి ఆడవాళ్లు ఆ చల్లటి ఇసుకలో కాళ్లు దోపుకుని, ఒళ్లో వేయించిన శెనక్కాయల మూటలు విప్పుకుని కూర్చునేవారు.

ఏటా రంజాన్ పండగకు ఒక ఉర్దూ సినిమా తెచ్చేవారు. మాకు ఉర్దూ ఒక్క ముక్క రాదు. పక్కింటి హుసేన్‌బీ పిన్నమ్మ మా మధ్య కూర్చుని ప్రతి మాటా తెలుగులో చెప్పుకుంటూ పోతే అందరూ ఊఁ కొట్టేవాళ్లు. నచ్చని మనిషి తెర మీదికి వస్తే ముందు తిట్టి, తర్వాత చెప్పేది. పాట వస్తే చెప్పడం మానేసి తానూ పాడేది. ఆమె లేని ఉర్దూ సినిమా మాకు ఉప్పు లేని సంగటి.

ఆ ఏడు అమ్మకూ ఆమెకూ మాటల్లేవు. మా వీధి బోరింగు దగ్గర బిందె వరసలో ఉంటే మనిషి ఉన్నట్టే లెక్క. ఇంటికి పోయి వంట చేసుకుని వచ్చినా ఆ బిందెను ఎవరూ ముట్టరు. అలాంటిది పిన్నమ్మ ఏ తొందరలో ఉందో, అమ్మ బిందెను పక్కకు జరిపి తన బిందె పెట్టి నీళ్లు పట్టుకుంది. అంతే, ఏటా ఉగాదికి వాళ్లకు పంపే మా తీపి ఓలిగలు ఆసారి గోడ దాటలేదు. రంజాన్ నాడు పొద్దున వాళ్ల సేమ్యా పాయసం మా ఇంటికి రాలేదు. నేను గోడ దగ్గర నిలబడి ఏడ్చాను.

ఆ సాయంత్రం సినిమాకు రానని భీష్మించుకున్న అమ్మ, తీరా వీధంతా కదిలేసరికి తానూ బయల్దేరింది. ఏదో పాత ఇంగ్లీషు నవలను ఉర్దూలో తీశారని మా బడి అయ్యవారు చెప్పారు. ఇద్దరు అక్కచెల్లెళ్లు పోట్లాడుకుంటే అక్క ఇల్లు విడిచిపోయే కథ. సినిమా మొత్తం వానే. మాకు కథ కంటే ముందు ఆ వానకే కడుపు నిండింది.

ఇద్దరి మధ్యా నన్ను కూర్చోబెట్టారు. పిన్నమ్మ ప్రతి మాటా నాకు చెప్పి, "మీ యమ్మకు చెప్పు" అనేది. అమ్మకు అంతా వినపడుతున్నా, నేను మళ్లీ చెప్పేదాకా విననట్టే ఉండేది.

చివర్లో అక్క తడిసి ముద్దయి తిరిగొచ్చి గడప ముందు నిలబడింది. చెల్లెలు తలుపు తీసింది. ఏమంటుందో అడగమని అమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. పిన్నమ్మ నా వైపు తిరక్కుండా, తెర వైపే చూస్తూ అంది.

"తప్పు నాదేక్కా, లోపలికి రా అంటాండాది."

ఈసారి "మీ యమ్మకు చెప్పు" అనలేదు. అమ్మ నా మీదుగా చెయ్యి చాపి శెనక్కాయల మూట ఆమె ఒళ్లో పెట్టింది. మర్నాడు పొద్దున్నే, ఒక రోజు ఆలస్యంగా, పాయసం గిన్నె గోడ మీదికి వచ్చింది.

ఇప్పుడు టాకీసు ఉన్నచోట పెట్రోలు బంకు ఉంది. ఇంటింటికీ కొళాయిలొచ్చాక బోరింగు తుప్పు పట్టింది. పోయిన ఏడు పిన్నమ్మ కాలం చేసింది. మొన్న ఆ సినిమా సెల్‌ఫోన్లో దొరికితే అమ్మా నేనూ కూర్చుని చూశాం. చివర్లో చెల్లెలు తలుపు తీసి అక్కను చూస్తూ నిలబడుతుంది. ఒక్క మాట కూడా లేదు. సినిమా అక్కడితో అయిపోతుంది. ఆ పిల్ల ఏమీ అనలేదు కదమ్మా అన్నాను.

"నాకు ఆ పొద్దే తెలుసు. ఆ పిల్ల నోరే మెదపలేదు గదా" అంది అమ్మ.

ఇంకోసారి పెట్టమంది. తలుపు తెరుచుకునే చోటికి వచ్చేసరికి ఇద్దరం చెవులప్పగించి కూర్చున్నాం. ఒట్టి వాన చప్పుడే వినిపించింది.