సున్నపురాతి గుట్టల మీద మా బావతో

ఆ గుట్టల మీదికి ఒక్కడినే వెళ్లాలనుకున్నాను. సూరత్ నుంచి సముద్రం దాటితే సౌరాష్ట్ర. అక్కడ సున్నపురాతి గుట్టల మీద ఓ చిన్న అభయారణ్యం ఉంది. ఆ రాతి పగుళ్లలో కొమ్ముల గుడ్లగూబ కాపురముంటుందని విని, దాన్ని చూడాలని రెండేళ్లుగా తిరుగుతున్నాను. తీరా బ్యాంకులో సెలవు దొరికాక అక్క ఫోన్ చేసి, బావను కూడా తీసుకుపొమ్మంది. పని మానేసిన దగ్గర్నుంచి సూరత్ డిండోలిలోని ఆ రెండు గదుల ఇంట్లో టీవీ మోత మోగిస్తూ కూర్చుంటున్నాడట. తనకు తల పగిలిపోతోందంది. కాదనలేకపోయాను.

బావ ముప్పై ఏళ్లకు పైగా పవర్‌లూమ్ మగ్గాల మధ్య నిలబడ్డ మనిషి. చెవులు సగానికి పైగా పోయాయి. తనకు వినపడదు కాబట్టి ఎదుటివాళ్లకీ వినపడదన్నట్టు అరుస్తాడు. చెవి మిషన్ కొనిస్తే గరగరమంటోందని జేబులో వేసుకు తిరుగుతాడు.

మట్టి రంగు బట్టలు వేసుకోమని రెండుసార్లు చెప్పాను. చిలకపచ్చ చొక్కా వేసుకొచ్చాడు. హజీరా రేవులో ఫెర్రీ ఎక్కింది మొదలు, బామ్మర్ది గుడ్లగూబను చూడటానికి ఇంత దూరం పోతున్నాడని డెక్ మీద కనపడ్డ ప్రతివాడికీ హిందీలో చెప్పాడు. వాళ్లు నన్ను చూసి నవ్వారు. నేను సముద్రం కేసి తిరిగి కూర్చున్నాను.

మర్నాడు పొద్దున అడవి గేటు దగ్గర, మాతో రావాల్సిన గార్డు నియమాలు చెప్పాడు. మాట్లాడకూడదు, ముందుకు పరిగెత్తకూడదు, కవర్లు చప్పుడు చేయకూడదు. బావ అన్నింటికీ తలూపాడు. ఒక్క ముక్కా వినలేదని నాకు తెలుసు.

వానలు తిని తిని రాయంతా చిల్లులు పడి ఉంది. చెప్పుల్లోంచి గుచ్చుకుంటోంది. ఎండిన గడ్డిలో రెండు చింకారా జింకలు మమ్మల్ని చూస్తూ నిలబడ్డాయి. నేను బైనాక్యులర్ ఎత్తేలోపు బావ వాటిని నాకు చూపించాడు, నోటితో. అవి గుట్ట దాటిపోయాయి. మరి కాసేపటికి నీల్‌గాయ్‌ని అలాగే తరిమాడు. ఆ పైన కరకరమనే సేవ్ కారప్పూస పొట్లం విప్పాడు. బావ కేసి చూపిస్తూ, కాకాను ఊరుకోబెట్టమని గార్డు నాతో గుజరాతీలో అన్నాడు.

నాకు ఓపిక చచ్చిపోయింది. "బావా, నిన్ను తీస్కొచ్చుడే నాది తప్పు. గేటు కాడ కూసుంటే పోయేది," అన్నాను.

బావ చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని, "ఏమన్నవ్?" అన్నాడు.

మళ్లీ అనడానికి నోరు రాలేదు. జర పైలంగా నడువమన్నానని చెప్పాను. ఆయన నా మొహంలో చదువుకున్నాడో ఏమో, అక్కడి నుంచి పది అడుగులు వెనక పడి, నోరు మెదపకుండా నడిచాడు. అది ఇంకా కష్టంగా ఉంది.

రాతి గోడలా నిలిచిన గుట్ట ముందుకొచ్చి ఆగాం. గుడ్లగూబ పగలు అక్కడే నిద్రపోతుందని గార్డు అన్నాడు. గార్డూ నేనూ అరగంట సేపు ఒక్కో పగులూ వెతికాం. గోడ నిండా మచ్చలే. అంతా గుడ్లగూబలాగే ఉంది, ఏదీ గుడ్లగూబ కాదు.

అప్పుడు బావ వెనక నుంచి అన్నాడు: "గా మూడో పగులుల జూడు. రాయికి కండ్లున్నయ్."

పాపం మెల్లగానే అన్నాననుకున్నాడు. లోయంతా వినపడింది. రాయిలోంచి రాయి ఊడినట్టు అది లేచి, పెద్ద రెక్కలతో చప్పుడు లేకుండా మా నెత్తి మీద నుంచి అవతలికి వెళ్లిపోయింది. రెండేళ్ల ఎదురుచూపుకు నాకు దక్కింది దాని పొట్ట, వెళ్తున్న వీపు. కెమెరా మూత కూడా తీయలేదు.

వట్టి కళ్లతో ఎట్లా పట్టావని చెవిలో అరిచి అడిగాను.

"మగ్గం మీద వేల పోగులల్ల ఒక్కటి తెగితె అవుపడాలె గద," అన్నాడు. "ఏడ తేడా ఉంటె కన్ను ఆడికే పోతది."

గార్డు తాను కూడా చూడలేకపోయానని ఒప్పుకున్నాడు. నాకు బావ మీద కోపం పోలేదు. దిగేటప్పుడు మాత్రం వెనక పడనివ్వకుండా పక్కనే నడిపించాను.

ఆ తర్వాత మరో రెండుసార్లు ఆయన్ను తీసుకెళ్లాను. ఏదైనా కనపడితే మాట్లాడొద్దని, నా భుజం తట్టమని నేర్పాను. నేర్చుకున్నాడు. మగ్గం పని చేసిన చెయ్యి అది. తిరిగొచ్చిన ప్రతిసారీ వారం రోజులు భుజానికి అమృతాంజనం రాసుకున్నాను.