సందేళ చుక్కా, వేగుచుక్కా

2004 జూన్‌లో శుక్రగ్రహం సూర్యుడికి అడ్డంగా వెళ్లిన రోజు, అనకాపల్లిలో మా డాబా మీద బైనాక్యులర్ పెట్టి, సూర్యబింబాన్ని తెల్ల అట్ట మీద పడేట్టు చేశాను. ఆ వెలుగులో చిన్న నల్లచుక్క కనిపించింది.

“ఏటమ్మా అది?” అని అడిగింది మా అత్తయ్య.

“శుక్రుడు, అత్తయ్యా. మొన్నటిదాకా సందేళ పడమట కనిపించేడు కదా. ఇవాళ సూర్యుణ్ని దాటుతున్నాడు. ఇంకొన్నాళ్లకి తెల్లారగట్ల తూర్పున వత్తాడు.”

ఆవిడ కళ్లు మెరిశాయి. “అయితే సందేల సుక్కా, ఏగుసుక్కా ఒకటేనేటి!”

ఆ సంగతి తెలుసుకోడానికి పూర్వకాలపు మనుషులకు ఎంత కాలం పట్టిందో! అత్తయ్య పిట్టగోడ మీంచి వంగి, “రండర్రా, సుక్క సూర్యుడి ముందునుంచి పోతంది, సూడండి!” అని వీధంతటికీ కేకేసింది.

సాయంత్రం దాకా డాబా నిండా జనమే. వచ్చినవాళ్లందరికీ అత్తయ్యే వివరించింది. నేను అట్ట పట్టుకుని వింటూ మురిసిపోయాను.